కార్టిసాల్ కిట్: రంగు తగ్గితే హార్మోన్ పెరిగినట్టు

ఒడిశా బరంపురంలో మా ల్యాబుకి పని నేర్చుకోవడానికి వచ్చే పిల్లల్లో చాలామంది తెలుగిళ్ళవాళ్ళే. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ నుంచి వస్తారు. ఇచ్ఛాపురం నుంచి రోజూ రైల్లో వచ్చి వెళ్ళేవాళ్ళూ ఉన్నారు. డెంగీ, హెపటైటిస్ బి ఎలైజాలు (రంగుని బట్టి కొలిచే పరీక్షలు) అప్పటికే చేసి ఉంటారు కాబట్టి పైపెట్ పట్టడం, ప్లేట్ కడగడం వచ్చే ఉంటుంది. అయినా కార్టిసాల్ (మూత్రపిండాల మీది గ్రంథులు చేసే హార్మోన్) ప్లేట్ చేతికిస్తే ముదురు పసుపు వెల్ (ప్లేట్‌లోని చిన్న గుంట) చూపించి, "అక్కా, ఈయనకి బాగా ఎక్కువుంది" అంటారు. నిజానికి ఆ ప్లేట్‌లో అందరికంటే తక్కువున్నది ఆయనకే. వాళ్ళకి పక్కన కూర్చోబెట్టుకుని చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను. పేరుకి కార్టిసాల్ అన్నా, థైరాక్సిన్, ప్రొజెస్టెరాన్, టెస్టోస్టెరాన్ లాంటి చిన్న అణువుల కిట్లు చాలావరకు ఇదే దారిలో నడుస్తాయి.

డెంగీ ఎన్‌ఎస్‌1 పెద్ద ప్రోటీన్. కింద నుంచి ఒక యాంటీబాడీ (ఆకారం చూసి అణువుని పట్టుకునే ప్రోటీన్) పట్టుకున్నా, పైనుంచి ఎంజైమ్ తగిలించిన రెండో యాంటీబాడీ వచ్చి కూర్చోడానికి చోటుంటుంది. ఎంత ప్రోటీన్ ఉంటే అంత రంగు. కార్టిసాల్ అణువు బరువు 362 డాల్టన్లు. దాన్ని పట్టుకునే యాంటీబాడీ బరువు సుమారు 1,50,000. ఒకటి పట్టుకున్నాక రెండోదానికి ఇక చోటెక్కడ? అందుకని పోటీ పెడతారు. వెల్ అడుగున యాంటీబాడీని కొలత ప్రకారం కొద్దిగానే అంటిస్తారు. దాని మీద పేషెంట్ సీరమూ (గడ్డకట్టిన రక్తం నుంచి విడదీసిన తేట), ఎంజైమ్ తగిలించిన కార్టిసాలూ పోస్తాం. ఈ రెండోదే కాంజుగేట్.

ఇచ్ఛాపురం బస్సు అనుకోండి. సీట్లు కొన్నే. పసుపు చొక్కాలవాళ్ళు ఎప్పుడూ అంతేమంది, మామూలు చొక్కాలవాళ్ళు మాత్రం రోజుకో లెక్క. అందరూ ఒకేసారి ఎక్కారు. మామూలువాళ్ళు ఎక్కువైతే పసుపువాళ్ళకి దొరికే సీట్లు తగ్గుతాయి. నిలబడ్డవాళ్ళందరినీ దింపేస్తే అది వాషింగ్. సీట్లలో పసుపు ఎంత మిగిలిందో చూడటం రీడర్ (రంగు కొలిచే యంత్రం) పని.

ఈ పోటీ ఆలోచన పాతదే. 1960 ప్రాంతంలో అమెరికా శాస్త్రవేత్తలు రోజలిన్ యాలో, సోలమన్ బెర్సన్ రేడియో ఐసోటోప్ తగిలించి ఇన్సులిన్‌ని ఇలాగే కొలిచారు. యాలోకి 1977లో నోబెల్ వచ్చింది, బెర్సన్ అప్పటికే చనిపోయారు. 1971లో ఐసోటోప్ బదులు ఎంజైమ్ పెట్టే పద్ధతి వచ్చాక మనలాంటి ఊళ్ళ ల్యాబులకి కూడా ఈ పరీక్షలు అందాయి.

పోటీ అన్న మాట బుర్రలో ఉంచుకుంటే పొరపాట్లు ఎటు లాగుతాయో మీకే తెలుస్తుంది. డెంగీ ప్లేట్‌లో ఒక వెల్‌కి కాంజుగేట్ పోయడం మరిచిపోతే రంగు రాదు, నెగెటివ్ అనిపిస్తుంది. ఇక్కడ మరిచిపోయినా రంగు రాదు, కానీ రిపోర్టులో కార్టిసాల్ ఆకాశాన్నంటుతుంది. వాషింగ్ సరిగా కాకపోతే అంటుకోని కాంజుగేట్ మిగిలిపోయి రంగు పెరుగుతుంది, ఫలితం తప్పుగా తగ్గుతుంది. సీరం పాడవకుండా ఎవరైనా సోడియం ఎజైడ్ కలిపి ఉంటే అది కాంజుగేట్‌లోని హెచ్‌ఆర్‌పీ ఎంజైమ్‌ని చంపేస్తుంది, మళ్ళీ ఫలితం తప్పుగా పెరుగుతుంది. అందుకే ఈ కిట్‌లో చాలా ఎక్కువ వచ్చిన శాంపిల్‌ని ఇంకోసారి పెట్టకుండా నేను సంతకం చెయ్యను.

కిట్ వచ్చిన రోజు

మాకు కిట్లు భువనేశ్వర్ నుంచో విశాఖపట్నం నుంచో కొరియర్‌లో వస్తాయి. మే నెలలో పెట్టె తెరవగానే ముందు ఐస్‌ప్యాక్‌లు ముట్టుకుని చూడండి. పూర్తిగా కరిగి వేడెక్కి ఉంటే ఫొటో తీసి అప్పుడే సప్లయర్‌కి పంపండి. వారం తర్వాత చెబితే ఎవరూ వినరు. తేదీ, లాట్ (తయారీ విడత) నంబరు రిజిస్టర్‌లో ఎక్కించండి. 2 నుంచి 8 డిగ్రీల మధ్య పెట్టాలి. ఫ్రిజ్ తలుపులో వద్దు, ఫ్రీజర్ పక్కన అసలే వద్దు. గడ్డకట్టిన కాంజుగేట్ మళ్ళీ పూర్వపు బలానికి రాదు. ఫ్రిజ్‌లో కనిష్ఠం, గరిష్ఠం రెండూ చూపించే థర్మామీటర్ తప్పనిసరి. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటాక గంజాం జిల్లాలో కరెంటు ఎన్నాళ్ళు లేదో ఇక్కడివాళ్ళకి గుర్తే. అలాంటప్పుడు కిట్ పనికొస్తుందా లేదా అన్నది ఊహించి చెప్పకూడదు, ఫ్రిజ్ ఎంతవరకు వేడెక్కిందో ఆ థర్మామీటర్ చూసే చెప్పాలి.

స్ట్రిప్‌ల (వెల్‌ల వరసల) కవర్ మా వైపు ఇంకో తలనొప్పి. సముద్రపు గాలిలో తేమ ఎక్కువ. వాడని స్ట్రిప్‌లు సిలికా జెల్ సంచితో సహా అదే కవర్‌లో గట్టిగా మూసి పెట్టండి. చల్లటి కవర్‌ని బయటికి తీసిన వెంటనే తెరిస్తే లోపల చెమ్మ పడుతుంది. అరగంట ఆగి, గది వేడికి వచ్చాకే తెరవండి.

కిట్‌తో వచ్చే ఇన్‌సర్ట్ కాగితం మొత్తం చదవండి. ఇంతకుముందు వాడిన కిట్టే కదా అని వదలకండి. కొత్త లాట్‌తో పాటు స్టాండర్డ్‌ల (హార్మోన్ ఎంతుందో ముందే తెలిసిన ద్రవాల) విలువలో, ఇంక్యుబేషన్ టైమో మారి ఉండొచ్చు. ఒక లాట్ కాంజుగేట్‌ని ఇంకో లాట్ స్ట్రిప్‌ల మీద ఎప్పుడూ పోయకండి.

శాంపిల్ తీసే ముందు అడగాల్సినవి

నా ఉద్దేశంలో ఈ పరీక్ష సగం పాడయ్యేది ప్లేట్ మీద కాదు, శాంపిల్ తీసే కుర్చీ దగ్గర.

కార్టిసాల్ తెల్లవారుజామున పెరిగి, నిద్ర లేచే వేళకి పైన ఉండి, అర్ధరాత్రికి అడుగంటుతుంది. ఉదయం 8 గంటల సీరంలో చాలా ల్యాబులు సుమారు 5 నుంచి 25 మైక్రోగ్రాములు, అంటే డెసిలీటర్‌కి, మామూలు అంటాయి. మీ కిట్ ఇచ్చిన రేంజే మీకు లెక్క. సాయంత్రం 4కి తీసిన రక్తానికి ఈ రేంజ్ వర్తించదు. ట్యూబ్ మీద టైము రాయని శాంపిల్‌కి అర్థమే లేదు. రైల్వేలోనో మిల్లులోనో నైట్ డ్యూటీ చేసేవాళ్ళకి గడియారమే తిరగబడి ఉంటుంది, అది కూడా రాయండి. గర్భిణులకి, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్ళకి రక్తంలో కార్టిసాల్‌ని మోసే ప్రోటీన్ పెరుగుతుంది. దాంతో మొత్తం కార్టిసాల్ కూడా పెరిగి కనిపిస్తుంది, జబ్బేమీ లేకపోయినా.

అన్నిటికన్నా ముఖ్యం, ఏ బిళ్ళలు వేసుకుంటున్నారు అన్న ప్రశ్న. దిగపహండి వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. ముఖం గుండ్రంగా ఉబ్బింది, చేతుల మీద చర్మం పల్చబడి నల్లటి మచ్చలు. "మందులేమైనా వాడుతున్నారా తాతా?" అంటే "లేదమ్మా, ఏ మందూ లేదు" అన్నారు. పక్కనున్న ఆవిడ చెంగు ముడి విప్పి ఒక కాగితం పొట్లం తీసింది. "మోకాళ్ళ నొప్పులకి మా ఊళ్ళో ఇస్తారమ్మా, అవి మందులేటి, నొప్పి బిళ్ళలు." పొట్లంలో స్ట్రిప్ లేదు, పేరు లేదు, చిన్న చిన్న తెల్ల బిళ్ళలు. మన పల్లెల్లో మందు అంటే జబ్బు మందే. నొప్పి బిళ్ళలు, ఆయాసం బిళ్ళలు, ఒంట్లో సత్తువకని వేసే సూది ఆ లెక్కలోకి రావు. కాబట్టి ఒక్కొక్కటీ పేరు పెట్టి అడగండి: నొప్పులకా, ఆయాసానికా, దురదకా, కీలులో సూదేమైనా వేశారా, ఒంటికి ఏ క్రీము రాస్తున్నారు?

ఎందుకింత పట్టు అంటే, యాంటీబాడీకి కళ్ళు లేవు, ఆకారం మాత్రమే తెలుసు. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఆకారం కార్టిసాల్‌కి చాలా దగ్గర. చాలా కిట్లలో అది కూడా యాంటీబాడీకి అంటుకుని, కార్టిసాల్ లాగే లెక్కలోకి వచ్చేస్తుంది, ఫలితం తప్పుగా పెరుగుతుంది. ఇంకో స్టెరాయిడ్ డెక్సామెథసోన్ సాధారణంగా అలా అంటుకోదు, కానీ శరీరం సొంతంగా చేసే కార్టిసాల్‌ని పడుకోబెట్టేస్తుంది, ఫలితం నిజంగానే తగ్గుతుంది. అంటే స్టెరాయిడ్ ఏదన్నదాన్ని బట్టి ఒకే రకం మనిషికి ఒక రిపోర్టు ఎక్కువ, ఇంకో రిపోర్టు తక్కువ. మీ కిట్ ఇన్‌సర్ట్‌లో క్రాస్ రియాక్టివిటీ అని ఒక పట్టిక ఉంటుంది. ప్రెడ్నిసొలోన్ పక్కన ఎంత శాతం ఉందో చూసి, ఆ కాగితం గోడకి అంటించండి.

ఒక మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను. పరీక్ష కోసమని ఆ బిళ్ళలు ఆపెయ్యమని పేషెంట్‌కి మనం చెప్పకూడదు. చాలాకాలం స్టెరాయిడ్ వేసుకున్నవాళ్ళు ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి రావచ్చు. పొట్లం సంగతి రాసి డాక్టరుకి ఫోన్ చెయ్యండి, ఆపడం కొనసాగించడం ఆయన పని.

బయోటిన్ గురించి కూడా అడగండి. జుట్టు రాలకుండా 5, 10 మిల్లీగ్రాముల బిళ్ళలు ఇప్పుడు ప్రతి మెడికల్ షాపులోనూ ఉన్నాయి. మీ కిట్ స్ట్రెప్టావిడిన్, బయోటిన్ అనే గట్టిగా అంటుకునే జత మీద నడిచేదైతే రక్తంలోని బయోటిన్ అడ్డుపడుతుంది. పోటీ కిట్‌లో ఫలితం తప్పుగా పెరుగుతుంది, పెద్ద ప్రోటీన్ల కిట్‌లో తప్పుగా తగ్గుతుంది. అమెరికా ఎఫ్‌డీఏ 2017లో దీని మీద హెచ్చరిక ఇచ్చింది.

సీరం కోసం తీసిన రక్తాన్ని అరగంట గడ్డకట్టనిచ్చి సెంట్రిఫ్యూజ్ చెయ్యండి. ఎర్రబారిన సీరం, పాలలా తెల్లబడిన సీరం పక్కన పెట్టి మళ్ళీ తియ్యండి. "ఏటమ్మా, మళ్ళీ గుచ్చాలా?" అంటారు. ఓపిగ్గా చెప్పండి, ఐదు నిమిషాలు కూర్చోనిచ్చి తియ్యండి, భయానికి కూడా కార్టిసాల్ పెరుగుతుంది. ఆ రోజే పెట్టకపోతే చిన్న ట్యూబుల్లో పంచి మైనస్ 20లో ఉంచండి. మాటిమాటికీ కరిగించి గడ్డకట్టించడం వద్దు.

ఉమ్మి శాంపిల్ అయితే మా వైపు పాన్‌తోనే పేచీ. నోట్లో ఎర్రగా గుండి (పొగాకు పొడి) పాన్ ఉన్న మనిషి ట్యూబ్‌లో ఉమ్మితే ఏ రీడరూ ఏమీ చెప్పలేదు. పొగాకు నమలడం, అతిమధురం చప్పరించడం కూడా ఉమ్మిలో కార్టిసాల్‌ని తప్పుగా పెంచుతాయి. అక్కడ కార్టిసాల్‌ని కార్టిసోన్‌గా మార్చే ఎంజైమ్‌ని అవి ఆపుతాయి. తిన్నాక, పళ్ళు తోముకున్నాక కనీసం అరగంట ఆగాలి, చిగుళ్ళ నుంచి రక్తం వస్తుంటే ఆ రోజు వద్దు. నిమ్మకాయ చూపించి, నాకించి ఉమ్మి తెప్పించకండి, పులుపు వల్ల యాంటీబాడీ పని చెడుతుంది. హైడ్రోకార్టిసోన్ క్రీము రాసుకున్న వేలు ట్యూబ్‌కి తగిలినా చాలు, ఎందుకంటే ఆ క్రీములో ఉన్నది కార్టిసాలే. దూదితో తుడిచి తియ్యకుండా నోట్లో ఊరిన ఉమ్మిని నేరుగా ట్యూబ్‌లోకి జార్చమనండి. ఒకసారి గడ్డకట్టించి కరిగిస్తే జిగురు విడిపోతుంది, అప్పుడు సెంట్రిఫ్యూజ్ చేసి పైన తేటని వాడండి. సీరం కిట్‌తో ఉమ్మి కొలవకండి. రక్తంలో కార్టిసాల్ 90 శాతానికి పైగా ప్రోటీన్లకి అంటుకుని ఉంటుంది, ఉమ్మిలోకి వచ్చేది విడిగా ఉన్న కొద్దిపాటిదే. దానికి వేరే కిట్ ఉంది.

ప్లేట్ పెట్టే రోజు

అన్ని బాటిళ్ళూ, శాంపిళ్ళూ గది వేడికి రావాలి. గది వేడి అంటే ఇన్‌సర్ట్ ఉద్దేశంలో సాధారణంగా 18 నుంచి 25 డిగ్రీలు, మన మే నెల మధ్యాహ్నం కాదు. ఏసీ గదిలోనో, వేడి నిలకడగా ఉండే ఇన్‌క్యుబేటర్‌లోనో పెట్టండి. ఫ్యాన్ కింద పెడితే చివరి వరసల వెల్‌లు ఒకలా, మధ్యవి ఒకలా నడుస్తాయి. వాష్ బఫర్‌లో ఉప్పు గడ్డలు కనిపిస్తే కొద్దిగా వేడి చేసి పూర్తిగా కరిగించాకే నీళ్ళు కలపండి. 20 రెట్లు చిక్కనిదైతే 25 మిల్లీలీటర్లకి 475 డిస్టిల్డ్ వాటర్. బోరు నీళ్ళు వద్దు.

కాగితం మీద ప్లేట్ మ్యాప్ గీసుకోండి. స్టాండర్డ్‌లు, కంట్రోల్‌లు (ప్లేట్ సరిగా నడిచిందా అని చూసే, విలువ తెలిసిన శాంపిళ్ళు), శాంపిల్‌లు అన్నీ రెండేసి వెల్‌లు. కంట్రోల్‌లు మొదట్లోనే కాకుండా చివర్లో కూడా ఒక జత పెట్టడం నా అలవాటు. మొదటికీ చివరికీ తేడా వస్తే చెయ్యి ఎంత నెమ్మదిగా నడిచిందో అదే చెబుతుంది.

శాంపిల్ పరిమాణం చాలా తక్కువ, చాలా సీరం కిట్లలో 20 నుంచి 50 మైక్రోలీటర్లు. 20లో 2 తప్పితే అక్కడే 10 శాతం పోయింది. ప్రతి శాంపిల్‌కీ కొత్త టిప్, ఆ టిప్‌ని అదే శాంపిల్‌తో ఒకసారి నింపి ఖాళీ చేసి అప్పుడు తియ్యండి. టిప్ బయట అంటిన చుక్కని ట్యూబ్ అంచుకి తాకించి వదిలించండి. వెల్ అడుగుని గీకకుండా, గోడకి కింద ఆనించి పొయ్యండి.

తర్వాత కాంజుగేట్. ఇక్కడ చేతి వేగం కావాలి, పోటీ మొదలయ్యేది ఈ క్షణంలోనే. మల్టీచానల్ పైపెట్ ఉంటే దానితో పొయ్యండి. లేకపోతే ఒకేసారి మూడు నాలుగు స్ట్రిప్‌లకి మించి పెట్టకండి. మొదటి వెల్‌కి, చివరి వెల్‌కి మధ్య పది నిమిషాలు పడితే ఆ రెండూ ఒకే పరీక్ష కాదు. శాంపిల్ పోస్తుండగా ఫోన్ మోగితే మోగనివ్వండి.

ఇంక్యుబేషన్ అయ్యాక ఇన్‌సర్ట్ చెప్పినన్నిసార్లు, వెల్‌కి సుమారు 300 మైక్రోలీటర్లతో కడగండి. చివర్లో బ్లాటింగ్ పేపర్ మీద బోర్లించి గట్టిగా తట్టండి, అలాగని వెల్‌లు ఎండిపోయేదాకా వదిలెయ్యకండి. రంగు తెప్పించే టీఎంబీ సబ్‌స్ట్రేట్ పోసే ముందు బాటిల్ చూడండి, అప్పటికే నీలంగా ఉంటే పారబొయ్యండి. పోశాక చీకట్లో పెట్టండి. టైము కాగానే ఏ వరసలో పోశారో అదే వరసలో, అదే వేగంతో స్టాప్ సొల్యూషన్ పొయ్యండి. నీలం పసుపుగా మారుతుంది. అది ఆమ్లం, గ్లవ్స్ తియ్యకండి. బుడగలుంటే శుభ్రమైన టిప్ మొనతో పగలగొట్టి, ఇన్‌సర్ట్ చెప్పిన గడువులోపు 450 నానోమీటర్ల దగ్గర చదవండి. రీడర్ ముందే వేడెక్కి, యూపీఎస్ మీద ఉండాలి. స్టాప్ పోశాక కరెంటు పోతే ఆ ప్లేట్ మీద మీరు చేసేదేమీ ఉండదు.

అంకెలు చదవడం

సున్నా స్టాండర్డ్‌కి అన్నిటికంటే ఎక్కువ రంగు రావాలి. అది 2.40 వచ్చి, పేషెంట్‌ది 1.20 వస్తే కాంజుగేట్ 50 శాతం అంటుకున్నట్టు. ఇలా శాతాల్లోకి మార్చి చూస్తే నిన్నటి ప్లేట్‌ని ఇవాళ్టి ప్లేట్‌తో పోల్చుకోవచ్చు. గీత సరళ రేఖ కాదు, వాలుగా పడుకున్న ఎస్ అక్షరంలా వంగుతుంది. కాబట్టి ఎక్సెల్‌లో స్కేలు గీసినట్టు గీత లాగకండి, రీడర్ సాఫ్ట్‌వేర్‌లో ఫోర్ పారామీటర్ ఫిట్ ఎంచుకోండి. ప్రతి ప్లేట్‌కీ కొత్త కర్వ్. మధ్యలో నిటారుగా దిగే భాగంలో ఫలితం నమ్మకంగా ఉంటుంది. రెండు చివర్లా గీత చదునైపోతుంది, అక్కడ రంగులో చిన్న తేడా కూడా మోతాదులో పెద్ద తేడా చూపిస్తుంది. ఆఖరి స్టాండర్డ్ దాటిన శాంపిల్‌ని సున్నా స్టాండర్డ్‌తోనో, కిట్ ఇచ్చిన డైల్యూయెంట్‌తోనో పల్చన చేసి మళ్ళీ పెట్టండి. నీళ్ళతో కాదు.

జంట వెల్‌ల మధ్య తేడా 10 శాతం సీవీ (సగటులో చెదురు ఎంత శాతమో చెప్పే అంకె) దాటితే ఆ శాంపిల్ మళ్ళీ. కంట్రోల్ రేంజ్ బయట పడితే మొత్తం ప్లేట్ మళ్ళీ, డాక్టరు ఎంత తొందర పెట్టినా సరే. ప్లేటంతా వెలిసిపోయినట్టుంటే సబ్‌స్ట్రేట్ చల్లగా ఉండగానే పోశారేమో, కాంజుగేట్ ముసలిదైపోయిందేమో చూడండి. సున్నా నుంచి చివరిదాకా అన్నీ ఒకే ముదురులో ఉంటే వాషింగ్ దగ్గర వెతకండి.

రిపోర్టులో యూనిట్ స్పష్టంగా రాయండి. డెసిలీటర్‌కి 12 మైక్రోగ్రాములన్నా, మిల్లీలీటర్‌కి 120 నానోగ్రాములన్నా, లీటర్‌కి 331 నానోమోల్‌లన్నా ఒకటే. మన పేషెంట్లు ఒక రిపోర్టు బరంపురంలో, ఇంకోటి విశాఖలో చేయించుకుని రెండూ పక్కపక్కన పెట్టి హడలిపోతారు. పద్ధతి పేరు, శాంపిల్ తీసిన టైము, వాడుతున్న మందులు కూడా అదే కాగితం మీద ఉండాలి.

చివరిగా డెక్సామెథసోన్ పరీక్ష, అంటే శరీరం కార్టిసాల్‌ని మితిమీరి చేస్తోందా అని చూసే పరీక్ష సంగతి. రాత్రి 11, 12 మధ్య 1 మిల్లీగ్రాము బిళ్ళ ఇచ్చి, ఉదయం 8కి రక్తం తీస్తారు. కార్టిసాల్ డెసిలీటర్‌కి 1.8 మైక్రోగ్రాముల కిందికి దిగిందా లేదా అన్నదే డాక్టరుకి కావాలి. 1.8 అంటే మిల్లీలీటర్‌కి 18 నానోగ్రాములు. కొన్ని కిట్లలో సున్నా తర్వాత మొదటి స్టాండర్డే 20. అంటే డాక్టరు అడిగే అంకె మీ కర్వ్‌లో గీత చదునుగా ఉన్నచోట, మొదటి స్టాండర్డ్ కంటే కింద పడుతుంది. అక్కడ 1.6కీ 2.1కీ తేడా చెప్పే సత్తా ఆ కిట్‌కి ఉందో లేదో, తక్కువ విలువున్న కంట్రోల్‌ని వేరు వేరు రోజుల్లో చాలాసార్లు పెట్టి చూసుకోండి. అంకెలు చెదిరిపోతుంటే ఆ మాట డాక్టరుకి ముందే, పేషెంట్ బిళ్ళ వేసుకోక ముందే చెప్పి, శాంపిల్‌ని పెద్ద ల్యాబుకి పంపించండి.